చప్పుడు లేని చోటికి

ఆ పొద్దున ఆకాశం నీళ్లలో నానేసిన నూలులా ఉంది. మబ్బు జోడ్‌భావి పేట్ మీదికి దిగివచ్చి అక్కడే నిలిచిపోయింది. కురవలేదు, కదల్లేదు. గాలిలో మాత్రం చెమ్మ పట్టింది. చెమ్మ ఉన్న రోజు పోగు తెగదు. కరెంటు మగ్గాలను మేం సాంచెలంటాం. మా ముందటి గదిలో ఉన్న రెండు సాంచెలూ తెల్లారినప్పటి నుంచి, నూలు అయిపోయిన కండె మార్చేటంతసేపు తప్ప, ఆగకుండా ఆడుతున్నాయి.

అటువంటి రోజు మనసు తేలికగా ఉంటుంది. అందులోనూ అది మా గోదావరి బొంబాయి పోయే వారం.

గోదావరి నా బిడ్డ. ఇక్కడే షోలాపూర్‌లో మెకానికల్ ఇంజనీరింగు చదివింది. దాని మీద ఇంకో చదువు ఉందట, ఎం.టెక్. అని. బొంబాయిలో కొండ కింద, చెరువు ఒడ్డున ఉన్న పెద్ద కాలేజీలో సీటు వచ్చింది. నేను దుబ్బాక పక్క పల్లెలో అయిదో తరగతి దాకా చదివి, మా మేనమామ వెంట ఇక్కడికి వచ్చి సాంచెల పనిలో పడ్డవాణ్ణి. ఇంజనీరయినాక కూడా బడికి పోవచ్చని నాకు గోదావరి చెప్పేదాకా తెలియదు.

మా ఇంటామె చంద్రభాగ బీడీలు చుడుతుంది. చుట్టినవి అప్పజెప్పడానికి పోయిన చోట ఈ సంగతి చెప్పని మనిషి లేదు. అక్కడ ఒక ముసలామె, "మొన్ననే సదువు అయిపాయె అంటివి గదనే, పోరి తప్పిందా ఏంది?" అని అడిగిందట. ఇంటికి ఎవరు వచ్చినా చంద్రభాగ ఆ మాట చెప్పి, వాళ్లకంటే ముందు తనే నవ్వేది. పల్లీల చట్నీ రెండుసార్లు దంచింది. మొదటిసారి దంచింది హాస్టల్లో అందరికీ సరిపోదని రెండోసారి. ట్రంకు పెట్టెకు నీలం రంగు వేయించింది. రంగు ఆరకముందే బట్టలు సర్దబోయి చీర కొంగుకు పూసుకుంది.

గోదావరి అయితే కాలు నిలపలేదు. బొగ్గుముక్కతో వంటింటి నేల మీద కాలేజీ అంతా గీసి తల్లికి చూపించింది. ఇక్కడ హాస్టలు, ఇక్కడ మెస్సు, ఇక్కడ అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే లైబ్రరీ. యంత్రాలు ఎందుకు వణుకుతాయో, ఆ వణుకుడు ఎట్లా తగ్గించాలో అక్కడ నేర్పుతారని చెబుతూ చేతులు ఊపింది. మా ఇంట్లో సగం మాటలు చేతులతోనే. సాంచెల పక్కన గొంతు పనికిరాదు. మిగతా సగం పెదవులు చూసి తెలుసుకుంటాం. అందుకే నన్ను అందరూ మాట్లాడని మనిషి అంటారు గానీ, మాట్లాడే అవసరం నాకు ఎక్కువగా పడలేదు.

ఆ మబ్బు రోజు పొద్దున గోదావరి రొట్టె సగం తిని పళ్లెం పక్కకు పెట్టింది. ట్రంకు పెట్టెలోంచి ఒకే డ్రెస్సు తీసి మడిచింది, మళ్లీ విప్పి మడిచింది. నేను కండె మార్చి, ఏమైందని చెయ్యి తిప్పాను. దగ్గరికి వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"బాపూ, ఆడ సప్పుడు లేదు."

నాకు అర్థం కాలేదు. గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది. జూన్‌లో ఇంటర్వ్యూకు పోయినప్పుడు రెండు రాత్రులు ఆ హాస్టల్లో ఉన్నదట. గదిలో ఫ్యాను తిరిగిన చప్పుడు కూడా లేదు. చెట్లు, చీకటి, అంతే. రెండు రాత్రులూ రెప్ప వాలలేదు. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కలేదు. పొద్దున వాళ్లు అడిగినవి అన్నీ తెలిసినవే, కానీ సగానికి నోరు పెగల్లేదు. అయినా సీటు ఎట్లా ఇచ్చారో తనకే తెలియదంది.

"మొదటి ఆర్నెల్లల్ల మార్కులు రాకుంటె వాపస్ పంపిస్తరు బాపూ. నాకు పోవాలని ఎంత ఉన్నదో ఎట్ల చెప్పాలె? గని ఆడ సదువుడు నాతోని అయితదా?"

గోదావరి పుట్టింది ఈ గదిలోనే. దాని ఉయ్యాల సాంచె పక్కన కట్టాం. నూలు మూట మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, ఇంజనీరింగు అంతా ఇక్కడే చదివింది. ఆ గోడ రోజంతా అదురుతూనే ఉంటుంది.

చంద్రభాగకు చెబితే ఎవరిదో కన్ను తగిలిందని ఉప్పు, మిరపకాయలు దిగదుడిచింది. సాయంత్రానికి తన తమ్ముణ్ణి పిలిపించింది. దత్తాత్రికి అశోక్ చౌక్‌లో క్యాసెట్ల దుకాణం ఉంది. ఏ కష్టానికైనా వాడి దగ్గర ఒక క్యాసెట్ ఉంటుంది. మెడకు టేప్‌రికార్డర్ తగిలించుకుని వచ్చాడు. సాంచెల ముందు గొంతుక్కూర్చుని, మమ్మల్నెవరినీ దగ్గవద్దని సైగ చేసి, క్యాసెట్ రెండు వైపులా చప్పుడు ఎక్కించాడు. ఆ చప్పుడులో మేం దగ్గితే మాత్రం ఎవరికి వినిపిస్తుంది? క్యాసెట్ మీద 'పెంటప్ప బావ సాంచెలు' అని రాసి గోదావరి చేతిలో పెట్టాడు.

"రాత్రి గిది పెట్టుకొని పండు పోరీ. మీ బాపు పక్కపొంటి ఉన్నట్టే ఉంటది."

పనికొస్తుందో లేదో చూడాలంటే నిశ్శబ్దం ఉన్న చోటు కావాలి. అది షోలాపూర్‌లో ఎక్కడ దొరుకుతుంది? కొంతం చౌక్ దాటి ఉన్న చుట్టాలింటికి గోదావరిని తీసుకుపోయాడు. అక్కడ ఎదురింట్లో నాలుగు సాంచెలు. క్యాసెట్లో ఆడేవి ఏవో, ఎదురింట్లో ఆడేవి ఏవో తెలియలేదట. చివరికి కరెంటు పోయేదాకా ఆగుదామన్నాడు.

మరునాడు మధ్యాహ్నం పోయింది. గల్లీ గల్లీ అంతా ఒక్కసారి ఆగింది. దత్తాత్రి సెల్లులు వేసి మీట నొక్కాడు. ఊరు ఊరంతా సాంచెలు ఆగి ఉంటే మా కిటికీలోంచి మాత్రం రెండు సాంచెలు టకాటకా ఆడడం మొదలుపెట్టాయి.

ముందు పరుగెత్తుకొచ్చింది అంబాదాస్ అన్న. మా గోడ పక్కనే ఇల్లు, చద్దర్లు నేస్తాడు. నాకంటే పెద్దవాడు, మాట మాత్రం ఇంకా పెద్దది. చేతులకు నూనె అట్లాగే ఉంది. వెనక గల్లీవాళ్లు ఇంకొందరు.

"కాయ్ రే పెంటప్పా, కరెంటు నీ ఒక్కని ఇంట్లకే వచ్చిందా? ఎవన్ని పట్టినవ్?"

లోపలికి వచ్చి చూస్తే సాంచెలు కదలడం లేదు. చప్పుడు వస్తూనే ఉంది. వంగి సాంచె కింద చూశాడు. మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆఖరికి నూలు మూటల మధ్య టేప్‌రికార్డర్ కనిపించింది. గడప మీద కూలబడి, టోపీ జారి పడేటట్టు నవ్వాడు.

ఇంత గొడవలోనూ గోదావరి చదువుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. దత్తాత్రి నా వైపు చూసి మీసం దువ్వాడు. అంతలో క్యాసెట్ ఒకవైపు అయిపోయి టక్కున ఆగింది. గోదావరి పుస్తకం కింద పెట్టి లేచింది. సాంచెల వైపు రెండడుగులు వేసి, సిగ్గుపడి మళ్లీ వచ్చి కూర్చుంది.

దత్తాత్రి ఇంకా పెద్ద క్యాసెట్ తెస్తానని పోయాడు. నాకు ఆ రెండడుగులే కళ్లలో ఉండిపోయాయి.

మరునాడు కూడా మబ్బే. పోగు తెగడం లేదు. గోదావరి తన చోట కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. కండెలు నిండుగా ఉండగా నేను చేత్తో ఒక సాంచె ఆపాను, వెంటనే రెండోదీ ఆపాను. ఆపి పక్కన నిలబడ్డాను.

కండె మార్చేందుకు ఆగేది వేరు. అది చిటికెలో మళ్లీ ఆడుతుంది. అంతకుమించి ఆగిందంటే ఏదో తెగింది, ఎవరో ఒకరు లేవాలి. మా ఇంట్లో ఆ తేడా చెవికే తెలుస్తుంది. గోదావరి లేచి వచ్చి పడుగు మీద వంగింది.

"ఏడ తెగింది బాపూ?"

"తెగలే."

"కండె అయిపోయిందా?"

"నిండుగ ఉంది."

"మరెందుకు ఆపినవ్?"

"ఉత్తగనే."

నన్ను వింతగా చూసింది. ఉత్తగనే సాంచె ఆపడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. అప్పటికే చంద్రభాగ కూడా బీడీల చాట ఒళ్లోంచి దించి, ఆకు ముక్కలు చీరకు అంటుకుని ఉండగానే వచ్చి నిలబడింది. ముగ్గురం ఏమీ తెగని సాంచెల చుట్టూ ఉన్నాం. గోదావరి తన కాళ్ల వైపు చూసుకుంది. తల్లి కాళ్ల వైపు చూసింది. నవ్వు మొదలైంది. పడుగు కర్ర పట్టుకుని వంగి వంగి నవ్వింది.

"నాకు నిద్ర రానిది సప్పుడు లేక గాదు బాపూ. సాంచె ఆగింది, లేవాలె అనుకుంటున్న. రెండు రాత్రులు గట్లనే పండుకున్న ఆడ. ఎవ్వలు పోగు అతుకతలేరేంది అని."

చంద్రభాగ ఏం చేయాలని అడిగింది. నేను చెప్పేలోపే గోదావరి చెప్పేసింది, ఆగినా కూర్చోవడం నేర్చుకోవాలని. సంబరంగా పోయి మళ్లీ నూలు మూట మీద కూర్చుంది. పరీక్ష పెట్టమన్నట్టు నా వైపు చూసింది.

ఇక అదే పని. చెప్పకుండా ఆపేవాణ్ణి. మొదట్లో దాని మోకాళ్లు వాటంతట అవే లేచేవి. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని పళ్లు బిగబట్టేది. తర్వాత తర్వాత ఆగినాక కూడా సగం పేజీ చదివింది, ఆపై ఒక పేజీ. పేజీ పూర్తి అయిన ప్రతిసారీ నా చెవిలో అరిచి చెప్పేది. చంద్రభాగ మాత్రం ప్రతిసారీ వంటింట్లోంచి వచ్చేది. నేను ఏం మెరుగు? ఆపింది నేనే అయినా నా చెయ్యి పోగును అటూ ఇటూ మోసే నాడె మీదికి పోయేది. గోదావరి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "కూసో బాపూ" అనేది.

అయినా గోడ అవతల అంబాదాస్ అన్న సాంచెలు ఆడుతూనే ఉన్నాయి. వాటి అవతల ఇంకొకరివి. మేం ఆపింది మా రెండే. కరెంటు పోయినప్పుడు చూద్దామంటే అప్పుడు గల్లీ అంతా బయటికి వచ్చి కూర్చుంటుంది, అది నిశ్శబ్దం కాదు, తిరునాళ్ల. బొంబాయిలో ఉండేటటువంటి నిశ్శబ్దంలో గోదావరి ఇంకా కూర్చుని చూడనే లేదు.

ఎవరినీ ఏమీ అడగడం నాకు అలవాటు లేదు. అయినా దాని ప్రయాణానికి ముందు రోజు అంబాదాస్ అన్న దగ్గరికి పోయాను. సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది, మధ్యమధ్య ఆయన కండెలు మారుస్తున్నాడు. విని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"సాంచెలు నడిపి సదివిచ్చెటోళ్లను సూసిన. ఆపి సదివిచ్చెటోన్ని నిన్నే సూస్తున్న."

నేను నిలబడే ఉన్నాను. ఎంతసేపు ఆపాలని అడిగాడు. రేపు మాపటికి అది బువ్వ తినేంతసేపు అన్నాను. సరే అనలేదు, కాదనలేదు. వెనక్కి తిరిగి పనిలో పడ్డాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నేనూ వచ్చి పనిలో పడ్డాను.

మరునాడే ప్రయాణం, రాత్రి బండికి. పొద్దు గూకకముందే పెట్టె కట్టాం. పరుపు చుట్టలో మధ్యాహ్నం అంబాదాస్ అన్న మనిషితో పంపించిన కొత్త చద్దరు, అందులో చుట్టి దత్తాత్రి క్యాసెట్. పనికిరాకపోయినా ఉండనీ అంది గోదావరి. అది ఒక్కచోట నిలవడం లేదు. పెట్టె తాళం చూసుకుంటోంది, టికెట్టు చూసుకుంటోంది, మళ్లీ తాళం. చంద్రభాగ కోప్పడి కూర్చోబెట్టింది. వేడి జొన్న రొట్టెలు, గుత్తి వంకాయ, పల్లీల చట్నీ. ఎండబెట్టిన కరకరలాడే కడక్ రొట్టెలు కొన్ని కూడా, గోదావరికి ఇష్టమని.

నేను పోయి మా రెండు సాంచెలూ ఆపి వచ్చి కూర్చున్నాను. గోదావరి నా వైపు చూసి, తెలుసు అన్నట్టు నవ్వింది. గోడ అవతల చప్పుడు అట్లాగే వస్తోంది. నేను రొట్టె తుంచాను.

అప్పుడు గోడ అవతల ఒక సాంచె ఆగింది. వెంటనే ఇంకోటి. గోదావరి చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. ఎదురింటివి ఆగాయి. గల్లీలో అంబాదాస్ అన్న గొంతు వినపడింది. ఇంటింటి ముందూ నిలబడి అదే మాట చెబుతూ పోతున్నాడు.

"ఆపుండ్రి రే, మా పోరి బువ్వ తింటున్నది."

ఆ గొంతు దూరం పోతున్నకొద్దీ ఒక్కో ఇల్లు ఆగింది. గల్లీ మొదట ఉన్న సాంచె ఒకటి మాత్రం ఇంకాసేపు ఆడింది. అది కూడా ఆగింది. ఎవరూ బయటికి రాలేదు, ఎవరూ మాట్లాడలేదు.

గోదావరి మోకాలు లేచింది. ఎడమ చేత్తో దాన్ని నొక్కిపెట్టుకుంది. చంద్రభాగ లేవబోయి, దాని ముఖం చూసి, మళ్లీ కూర్చుంది. నా చేతికి నాడె గుర్తుకొచ్చింది. ఆ చేత్తో రొట్టె పట్టుకున్నాను.

గోడ గడియారం వినపడింది. అది చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. చంద్రభాగ వడ్డిస్తుంటే గాజులు వినపడ్డాయి. గోదావరి కడక్ రొట్టె విరిచింది. ఆ చప్పుడుకు ముగ్గురం ఉలిక్కిపడి ఒకరినొకరం చూసుకున్నాం. దాని కళ్లలో నవ్వు నిండింది, నోరు మాత్రం తెరవలేదు. నెమ్మదిగా నమిలింది.

కొంతసేపటికి మోకాలి మీద ఉన్న చెయ్యి తీసింది. ఆ చేత్తో తల్లికి సైగ చేసింది, ఇంకొకటి వెయ్యమని. చంద్రభాగ వేసింది. మేం తిన్నాం.