నాలుగో పంపు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే పంపులమ్మాయి చేసే మొదటి పని చేపలకు మేత వెయ్యడం కాదు. రాత్రి ఏవైనా చచ్చిపోయుంటే ఓనరుగారి కంటబడకముందే తీసెయ్యడం. తర్వాత అద్దాల మీద వేలిముద్రలు తుడుస్తుంది. పిల్లలు అద్దాలకు ముక్కులు ఆనించి మరీ చూస్తారు కాబట్టి ముక్కుముద్రలు కూడా తుడుస్తుంది. అదంతా అయ్యాక కౌంటరు వెనక తన అరల దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఆ అరల నిండా పంపులే. అందుకే ఆమెను అందరూ పంపులమ్మాయి అంటారు. అసలు పేరు పిలిస్తే ఒక్కోసారి ఆమే పలకదు.

ఆ రోజు ఇంకా తుడవడం పూర్తి కాలేదు. చంకలో అట్టపెట్టె పెట్టుకుని స్టేషనాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్ళీనా" అంది పంపులమ్మాయి.

"మళ్ళీనేనండీ" అన్నాడతను.

రైల్వే స్టేషన్లో ఏ రైలు ఎక్కడికొస్తుందో, ఎంత ఆలస్యమో మైకులో చెప్పేది అతనే. ఆ గొంతు వింటే రైలు ఆలస్యమన్నా ఎవరికీ కోపం రాదు. తడిసిన మట్టి మీద నడిచినట్టు మెత్తగా, నిదానంగా ఉంటుంది. అంత గొంతూ ఈ షాపు గుమ్మం తొక్కేసరికి ఎక్కడికి పోతుందో ఏమో, నీళ్ళు నములుతూ నిలబడతాడు.

"ఈసారేమైంది?"

"ఎక్కట్లేదండీ. నీళ్ళు."

పంపులమ్మాయికి ఒళ్ళు మండింది. అతనింట్లో ఓ చేపల తొట్టి ఉంది. దాని కింద బల్ల అరలో ఇంకో చిన్న తొట్టి, దాన్ని సంప్ అంటారు. పైతొట్టి నీళ్ళు గొట్టంలోంచి సంప్‌లోకి దిగి, అక్కడ వడకట్టుకుంటాయి. వాటిని మళ్ళీ పైకి తోసేదే ఈ పంపు. పైకి తోసే ఎత్తెంతో తెలిస్తే పంపు ఎంచడం చిటికెలో పని. ఎత్తు పెరిగేకొద్దీ వచ్చే నీళ్ళు తగ్గుతాయి, అంతే. మరి ఈ మహానుభావుడు మొదటిసారి మూడడుగులన్నాడు. ఇచ్చింది. తిరిగొచ్చింది. తర్వాత నాలుగన్నాడు. అదీ తిరిగొచ్చింది. పోయినసారి అయిదు దాటిందన్నాడు.

"టేపు ఎటువైపు నుంచి పట్టుకుంటారు మీరు?"

"సున్నా వైపు నుంచేనండీ."

"కింద నీళ్ళమట్టం నుంచి పైతొట్టి అంచు దాకానే కదా కొలిచింది? పక్కింటి మేడ దాకా కాదు కదా?"

అతను నవ్వబోయి మానుకున్నాడు. ఏదో చెప్పబోయి అదీ మానుకున్నాడు. పెట్టె కౌంటరు మీద పెట్టి, "సాయంత్రం వస్తానండీ" అని వెళ్ళిపోయాడు.

లోపల పిట్టల గింజల డబ్బాల వెనక నుంచి ఓ నవ్వు వినపడింది. ఓనరుగారి బామ్మర్ది. గింజలమ్మేది అతనే.

"చూశారా బావగారూ, నేనమ్మిన గింజ ఒక్కటైనా ఇంతవరకూ తిరిగొచ్చిందా?"

"పిట్టలు తినేశాక ఎలా తిరిగొస్తాయి" అంది పంపులమ్మాయి.

ఓనరుగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. రేవు ఊళ్ళో కొత్త షాపు తెరుస్తున్నారు. దాన్ని నడపడానికి మనిషి కావాలి. ఆ షాపు గురించి విన్నప్పటి నుంచీ పంపులమ్మాయి దాన్ని మనసులో సర్దుకుంటూనే ఉంది. కిటికీ దగ్గర నీలం చేపలు, వెనక గోడకు పంపులు, గింజలు అసలుండవు. తలుచుకుంటే చాలు, సముద్రం వాసన ముక్కుకు తగిలేది.

"చూడమ్మా, కొత్తచోట అమ్మిన సరుకు తిరిగొస్తే పేరు పోతుంది" అన్నాడు ఓనరుగారు. "ఆ స్టేషనాయనకి ఇంకో పంపు ఇవ్వు. నెలాఖరులోగా అదీ వెనక్కొచ్చిందా, రేవు ఊరికి మావాడు వెళ్తాడు."

గింజలతను అప్పుడే సముద్రం చూస్తున్నట్టు కళ్ళు చిట్లించాడు.

ఇక సాయంత్రం దాకా ఆగడం పంపులమ్మాయి వల్ల కాలేదు. అరలో ఉన్నవాటిలోకెల్లా బలమైన పంపు తీసింది. టేపు, గొట్టం, బిగింపులు, అవసరం పడుతుందేమోనని ఓ వాల్వు, అన్నీ సంచిలో వేసుకుంది. మధ్యాహ్నం తిండి మానేసి, బిల్లు పుస్తకంలో అతని చిరునామా చూసుకుని బస్సెక్కింది. దారంతా మనసులో అతన్ని తిడుతూనే ఉంది. తిట్లన్నీ ఎందుకో ఆ మెత్తటి గొంతుతోనే వినపడుతుంటే ఇంకా చిరాకేసింది.

తలుపు తీసింది అతని మేనత్త. మెడలో టేపు, పెదాల మధ్య సూది. చొక్కాల కంపెనీకి ఇంట్లోనే బొత్తాలు కుట్టిపెడుతుంది. అతన్ని చిన్నప్పట్నుంచీ పెంచింది ఆవిడే. సూది తీసి రవికెకు గుచ్చుకుంది.

"నువ్వేనా పంపులమ్మాయివి? రా అమ్మా. ఒరేయ్, ఎవరొచ్చారో చూడు."

వంటింట్లోంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన స్టేషనాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

ముందుగదిలో కిటికీ పక్కన బల్ల ఉంది. బల్ల కింద అరలో సంప్ ఉంది. బల్ల మీద ఏమీ లేదు. తొట్టి దానికి బాగా పైన, గాల్లో ఉంది. అందులో ముసలి నారింజరంగు చేప ఒకటీ, చిన్నచిన్న వెండిరంగువి కొన్నీ ఈదుతున్నాయి. తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ళ మీంచి వెలుగు దిగి ఖాళీ బల్ల మీద ఊగుతోంది. తొట్టికి తగిలించిన గొట్టాలకు అతుకుల మీద అతుకులు.

పంపులమ్మాయి కాసేపు తలెత్తి చూసింది. సంచి కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఈ సంగతి మొదటే చెప్పొద్దా?"

"ఏ సంగతండీ?"

"ఏ సంగతా? తొట్టి లేస్తుందని. లేచే తొట్టికి ఒక లెక్క, లేవని తొట్టికి ఒక లెక్క. మీరేమో బల్ల మీద ఉన్నట్టే మాట్లాడారు. నా తల తినేశారు."

"మీరడగలేదు కదండీ."

"తొట్టి లేస్తుందా అని ఎవరైనా అడుగుతారా?"

"అడగాల్సింది" అంది మేనత్త, బొత్తాల డబ్బా ఒళ్ళోకి లాక్కుంటూ. "మా అత్తగారి నాటి తొట్టి అది. ఈ ఇంట్లో ఎవరైనా మాట మింగితే లేస్తుంది. మా ఆయన ఉన్న రోజుల్లో పైకప్పుకు తగిలి పెచ్చులూడేవి. ఆయన పోయాక బుద్ధిగా బల్ల మీదే ఉంది. మళ్ళీ ఈమధ్యే మొదలైంది."

పంపులమ్మాయి విన్నది విన్నట్టు తలాడించి, కుర్చీ వేసుకుని ఎక్కి టేపు పట్టింది. కొలిచి దిగేలోపే అద్దం అంచు టేపు దాటి ఇంకో వేలెడు పైకి పోయింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పోయింది.

"కాసేపు ఆగమనండి దాన్ని."

"అది నా మాట వినదండీ" అన్నాడతను, కుర్చీ కదలకుండా పట్టుకుని.

సరే, కొలత సంగతి తర్వాత చూద్దామని సంప్‌లో నాలుగో పంపు దింపింది. గొట్టానికి ఇంకో ముక్క అతికి మీట నొక్కింది. పంపు గుర్రుమంది. కప్పు దగ్గరున్న తొట్టిలోకి నీళ్ళు గలగలమంటూ పడ్డాయి. వెండిచేపలన్నీ ఒక్కసారి ఆ వైపు తిరిగాయి. పంపులమ్మాయి గర్వంగా అతని వైపు చూసింది. అతనూ ఆమె వైపే చూస్తున్నాడు. నోరు తెరిచి మూశాడు.

తొట్టి ఇంకో వేలెడు లేచింది. ధార సన్నబడింది.

ఇక ఆమె ఓపిక అయిపోయింది.

"ఏం మింగుతున్నారో అది బయటికి చెప్పెయ్యండి బాబూ. నాకు మీ గుట్టుతో పనిలేదు, ఎత్తుతోనే పని. ఇంతకన్నా పెద్ద పంపు మా షాపులో లేదు. ఇది గానీ తిరిగొస్తే..."

మిగతాది ఆమె చెప్పలేదు.

అతను మేనత్తను చూశాడు. మేనత్త బొత్తాలు ఏరుకుంటోంది. అతను గోడ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, స్టేషన్లో మైకు ముందు కూర్చున్నట్టు నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు వచ్చింది ఆ గొంతు.

"దయచేసి వినండి. మొదటి పంపు పంపు కోసమే కొన్నాను. రెండోది కూడా చాలావరకు పంపు కోసమే. మూడోది మాత్రం, మీరు మళ్ళీ ఎత్తెంత అని అడుగుతారని కొన్నాను. మీరు అడుగుతుంటే నాకు బాగుంటుంది. తిడుతుంటే ఇంకా బాగుంటుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాను."

పంపులమ్మాయి చెవులు వేడెక్కాయి. స్టేషన్ జనమంతా తనవైపే తిరిగి చూస్తున్నట్టనిపించింది.

తొట్టి దిగింది. తూనిగ వాలినట్టు మెల్లగా వచ్చి బల్ల మీద టక్కుమని కూర్చుంది. కప్పు ఎత్తుకి సరిపోయే పంపు మరి, దానికేం తెలుసు? అంత బలంతోనూ తోసింది. తొట్టిలోంచి నీళ్ళు చిమ్మి కప్పుకు తగిలి, మేనత్త మీద, కుట్టిన చొక్కాల మీద, కుట్టని చొక్కాల మీద, స్టేషనాయన నెత్తి మీద పడ్డాయి.

"కంపెనీవాళ్ళకి ఉతికి ఇచ్చాననుకుంటాలే" అంది మేనత్త మొహం తుడుచుకుంటూ.

పంపులమ్మాయి మోకాళ్ళ మీద పాకుతూ పోయి మీట ఆపింది. జుట్టు మొహానికి అంటుకుపోయింది. సంచిలోంచి వాల్వు తీసి, గొట్టం కోసి, మధ్యలో బిగించింది. ఎవరి వైపూ చూడలేదు. మళ్ళీ మీట నొక్కి వాల్వు కొంచెం కొంచెంగా తిప్పింది. నీళ్ళు సరిగ్గా పడుతున్నాయి. ముసలిచేప ధార కిందకొచ్చి నిలబడింది.

"అయిపోయింది. ఇక తీసుకురాకండి" అని టేపు చుట్టుకోబోయింది.

తొట్టి ఓ వేలెడు లేచింది.

ఆమె అతని వైపు కోపంగా తిరిగింది. "ఇంకేముంది లోపల?"

"నాది అయిపోయిందండీ. ఉన్నదంతా చెప్పేశాను."

ఇద్దరూ మేనత్తను చూశారు.

"నన్ను చూస్తారేం? నేను మాట మింగడం మానేసి చాలా కాలమైంది" అంది ఆవిడ. అని, తీరిగ్గా పంపులమ్మాయి వైపు చూసింది.

తొట్టి ఇంకొంచెం లేచింది. వాల్వు బిగించి ఉండడంతో ధార సన్నగా దారంలా అయింది. పంపులమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. చెప్పకపోతే తొట్టి దిగదు. తొట్టి దిగకపోతే పంపు చాలదు. పంపు తిరిగొస్తే రేవు ఊరికి గింజలతను వెళ్తాడు. పోనీ చెబుదామంటే, తనకు తాను కూడా చెప్పుకోని మాటాయె. ఒక పంపు అమ్మడానికి ఇన్ని అగచాట్లు పడిన మనిషి లోకంలో ఉంటుందా అనుకుంది.

"రేవు ఊళ్ళో కొత్త షాపు పెడుతున్నారు" అంది, తొట్టితో చెబుతున్నట్టు. "ఈ పంపు తిరిగి రాకపోతే దాన్ని నాకిస్తారు. నేను వెళ్ళిపోతాను."

అతని మొహం వాడింది. తొట్టి ఆగింది. దిగలేదు.

"అంతేనా అమ్మా?" అంది మేనత్త.

"అంతే."

తొట్టి చటుక్కున ఓ వేలెడు లేచింది.

"అబ్బ, అంతే కాదు. ఆగు" అంది పంపులమ్మాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. "నాకు వెళ్ళాలనే ఉంది. ఎవరి కోసమూ ఆగను. కానీ అక్కడ గుమ్మంలోకి పొద్దున్నే ఎవరూ చంకలో పెట్టెతో రారు కదా అని రెండు వారాలుగా నాకు నిద్ర పట్టట్లేదు. వస్తే ఒళ్ళు మండుతుంది. రాకపోతే ఇంకా మండుతుంది. ఏం చేసుకోమంటారు ఈ మంటని?"

టక్కుమని చప్పుడైంది. ఆమె కళ్ళు తెరవలేదు. నీళ్ళు పడే చప్పుడు మాత్రం వింది. సరైన ఎత్తులోంచి, సరైన వేగంతో పడుతున్నాయి. అంత హాయైన చప్పుడు షాపులో తన అరల మధ్య ఎప్పుడూ వినలేదు.

నెలాఖరు రోజు స్టేషనాయన షాపు గుమ్మంలో కనపడేసరికి గింజలతను ఆశగా లేచి నిలబడ్డాడు. ఓనరుగారు కళ్ళజోడు దింపి అతని చంక కేసి చూశాడు. పెట్టె లేదు. చేతులు రెండూ ఖాళీ. "సోమవారం రేవు ఊరికి బయల్దేరమ్మా" అన్నాడు పంపులమ్మాయితో.

అతను తిన్నగా కౌంటరు దగ్గరికొచ్చాడు.

"రేవు ఊరి బండి పొద్దున్నే ఉందండీ."

"తెలుసు. రోజూ మీరే కదా చెబుతారు."

"సోమవారం ఇంకొకరు చెబుతారు. నేను బండిలో ఉంటాను. అక్కడి స్టేషన్లో గొంతు కావాలన్నారు. అత్త కూడా వస్తానంటోంది."

పంపులమ్మాయి అద్దం తుడిచే గుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"మరి తొట్టి?"

"దాంతోనే చిక్కొచ్చింది. గాల్లో ఉన్నప్పుడైతే వేలితో తోసినా కదిలేది. ఆ రోజు నుంచీ బల్లకు అతుక్కున్నట్టు కూర్చుంది. నీళ్ళు తీసేసినా ఒక్కడి వల్ల లేవట్లేదండీ. ఇద్దరుండాలి."

"ఈ సంగతి మొదటే చెప్పొద్దా" అంది పంపులమ్మాయి, సంచి భుజానికి తగిలించుకుంటూ.