కోతపండుగ వేలంలో జయశీల నవల

మా ఆడబిడ్డ జయశీల నవల రాసిందంటే బిట్రగుంటలో ఒక్కరూ నమ్మలేదు. ఆడపిల్లల బడిలో పంతులమ్మ గదా, పాఠాలేవో రాసుకుంటుందిలే అనుకున్నారు. అరవై ఒకటిలో మాట ఇది. మద్రాసు వారపత్రికలు రెండూ తిప్పి పంపితే, జీతంలో మిగిల్చుకుని నెల్లూరులో అచ్చేయించింది. పుస్తకాలైతే ఇంటికొచ్చినాయి, కొనేవాళ్ళే రాలేదు. స్టేషన్లో పుస్తకాల అంగడి గంగాధరం మంచివాడే, అయినా చేతిలోకి కూడా తీసుకోలేదు.

"పేరున్నవాళ్ళవే దుమ్ము కొట్టుకుపోతన్నాయమ్మా. మీ పేరు ఎవరికి తెలుసు?" అన్నాడు.

ఆ సాయంత్రం జయ పొయ్యి దగ్గర నా పక్కన చతికిలబడింది. "రెండో నవల సగం రాసినాను వదినా. ఇంక రాయను. చదివేవాళ్ళు లేనిదానికి ఎందుకీ కష్టం?" అన్నది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నా చదువు మూడో తరగతితో సరి. కానీ జయ రాసిన ప్రతి పేజీ నాకు చదివి వినిపించేది. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా వినేదాన్ని. ఒకసారి విన్నానంటే ఇంక నాకు మరుపు లేదు.

ఆ ఆదివారమే మా ఏసుగుడిలో కోతపండుగ. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు: వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, బర్రె ఈనితే జున్నుపాలు. ఆరాధన అయినాక అన్నీ వేలం వేస్తారు, వచ్చింది గుడికి. నేను జయకు చెప్పకుండా ఒక పుస్తకం తీసుకుపోయి సొరకాయల మధ్యన పెట్టినాను. దాని పంట అదే గదా మరి!

వేలం వేసేది అబ్రహాము మామ. కోళ్ళు అయిపోయినాక పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"ఇదెవరు పెట్టినారు? కీర్తనల పుస్తకమా?"

"మా జయ రాసిన నవల మామా," అన్నాను. జయ కొంగు మొహం మీదికి లాక్కుంది. అందరూ నవ్వినారు.

"గుమ్మడికాయనైతే తట్టి చూపిస్తా, కోడినైతే రెక్కలెత్తి చూపిస్తా. దీన్నేం చేసి చూపించేదమ్మా?"

"నేను రుచి చూపిస్తా ఉండు," అని లేచినాను.

"పెళ్ళికూతురు పడవ దిగింది. రేవులో మేళగాళ్ళున్నారు, అత్తగారుంది, ఊరంతా ఉంది. పెళ్ళికొడుకు లేడు..." అని మొదలుపెట్టినాను. ఆ పిల్ల తడికాళ్ళతో ఒక్కతే నడిచిపోయి, అత్త ముందు నిలబడి, "నేనొచ్చినాను. ఆయనేడీ?" అని అడిగేదాకా చెప్పి, కూర్చున్నాను.

ఇందాక నవ్వినవాళ్ళే ముందుకు జరిగి కూర్చున్నారు.

"మేయ్, ఏడీ మరి?" అనింది వెనక నించి ఎలిశబెతు పిన్ని.

"పాడుకున్నోళ్ళకు తెలుస్తుంది పిన్నీ."

కుర్రకారులోంచి దావీదు "రూపాయి!" అని అరిచినాడు. బాడుగ బండ్లు తోలించే తిమోతి పైకి పాడినాడు. దావీదు వదల్లేదు, తిమోతీ వదల్లేదు.

"నీకు అక్షరం ముక్క రాదు, నీకెందుకన్నా?" అని దావీదు ఎగతాళి.

"రాకపోతే చదివించుకుంటా. నువ్వు నోరు ముయ్యరా," అని తిమోతి కోడిపుంజును మించిన ధరకు పాడుకున్నాడు. నేరుగా జయ దగ్గరికొచ్చి, "అమ్మా, కొన్నది నేను, చదివి పెట్టేది నువ్వు. సాయంత్రం మా అరుగు మీదికి రావాల," అన్నాడు.

జయ తప్పించుకోలేకపోయింది. మొదటి సాయంత్రం తిమోతి ఇంటివాళ్ళే విన్నారు. తర్వాత బండ్లవాళ్ళొచ్చినారు, రైలింజన్ల షెడ్డులో పని దిగినవాళ్ళొచ్చినారు. "అత్తకు తెలుసు, కావాలనే దాస్తంది," అని ఒకరు, "ఆమెనేం అనబాకండి," అని ఇంకొకరు, ఇరుగింటి సంగతి మాట్లాడినట్టు తగువులు. జయ చదవడం ఆపి వాళ్ళ మొహాలే చూస్తా ఉండేది. షెడ్డువాళ్ళకు మద్రాసుకో బెజవాడకో బండెక్కే పని పడేది, కథ మధ్యలో లేచిపోవాలి గదా. వాళ్ళు పోతా పోతా గంగాధరం అంగట్లో ఆ పుస్తకం అడగడం మొదలుపెట్టినారు.

ఒకరోజు గంగాధరమే మా ఇంటికొచ్చినాడు. "అమ్మా, పెళ్ళికొడుకు రాని కథ కావాలని నా ప్రాణం తీస్తన్నారు. ఒక కట్ట ఇస్తారా?"

ఆయన కట్ట ఎత్తుకుని పోయినాక జయ మూతి ముడిచింది. "చూసినావా వదినా, ఒక్కరన్నా నా పేరు చెప్పి అడగలేదు."

"పెళ్ళికొడుకు ఏమైనాడో చదివినాక అడుగుతారులే. తిట్టేదానికైనా పేరు కావాల గదా!"

ఫక్కున నవ్వి లోపలికి పోయి, ఆ సగం నవల తీసి రాసుకోను కూర్చుంది. అన్నానికి పిలిస్తే, "ఉండు వదినా," అన్నది. మళ్ళీ పిలిచినా అదే మాట. అన్నం చల్లారిపోయింది, నేనింక పిలవలేదు.