ఏడు ఊదా కాడలు

ఆస్ట్రేలియాలో లిస్మోర్ ఊరి అవతల మా గ్రీన్‌హౌస్‌లో గంజాయి మొక్కల్ని రకాలుగా విడదీయడం నా పని. మత్తెక్కించేది మొదటి రకం. మత్తు లేకుండా మూర్ఛ మందుకు పనికొచ్చే సీబీడీ నిండుగా ఉండేది మూడో రకం. రెండూ సగం సగం కలిస్తే రెండో రకం. మేం పెంచేది మూడోదే. నలభై ఒకటో వరస అని మేం పిలిచే వంగడం కోసం ఆరేళ్లుగా తల్లి మొక్కల్ని ఏరుకుంటూ వచ్చాం.

ఆ సెప్టెంబరులో దాని పిల్ల మొక్కల ఆకులు పరీక్షిస్తే అరవైలో ఏడు రెండో రకంగా తేలాయి. మళ్లీ చేశాను. అదే ఫలితం. అంటే ఎక్కడిదో మత్తు మొక్క పుప్పొడి లోపలికొచ్చింది. ఆ ఏడూ తలుపు పక్కనున్న తల్లి మొక్క గింజలే. తలుపు దగ్గర పనిచేసేది క్లైవ్ హాస్కింగ్.

డెబ్బై ఏళ్ల క్లైవ్ లైసెన్సులు రాకముందు కొండల్లో దొంగచాటుగా గంజాయి పండించినవాడు. అనుభవముందని మేమే పిలిచి పనిచ్చాం. ఇప్పుడా అనుభవమే నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటి దగ్గర ఇంకా పెంచుతున్నాడా? మా గింజలు ఎవరికైనా చేరవేస్తున్నాడా? అతను దగ్గినా, జేబులో చెయ్యి పెట్టినా ఓరకంట చూశాను. నాలుగో రోజు భోజనాల వేళ అతని సంచి తెరిచాను.

"ఏం దొరికింది మెరిన్? బీట్‌రూట్ శాండ్‌విచ్చేనా?"

వెనకే నిలబడి ఉన్నాడు. సిగ్గు దాచుకోవడానికి గొంతు పెంచాను. "ఆ ఏడు మొక్కల సంగతి మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు. అడిగితే చెప్పేవాణ్ణే. దొంగోణ్ణని ఖాయం చేసుకున్నాక ఇంక అడగడం దేనికిలే!" కుండీల దగ్గరికి నడిచి ఒక కాడను వంచాడు. "ఈ ఊదా చార చూశావా? ఈ గింజ ఈ చుట్టుపక్కల నా దగ్గర తప్ప ఉండేది కాదు. సాగు మానేసినప్పుడు మిగిలిందంతా ఒక్కడికే ఇచ్చా. మీ తమ్ముడు రోరీకి."

నేను ఆ కాడను నా వైపు తిప్పుకుని చూశాను.

"వాడి పెరట్లో మగమొక్కలున్నాయా?"

ఉన్నాయి, రెండు. ఆదివారాలు వాటి పక్కనే కూర్చుని మేమిద్దరం టీ తాగేవాళ్లం. మాకు చలికాలం దగ్గరపడే ఏప్రిల్లో ఒక సోమవారం చలేసి, ముందురోజు అక్కడ వేసుకున్న ఉన్ని స్వెట్టర్‌ని బట్టలు మార్చుకునే గదిలో వదలకుండా దాంతోనే లోపలికొచ్చాను. తర్వాత ఉక్కపోస్తే విప్పి ఆ తల్లి మొక్క పక్క తలుపు కొక్కేనికే తగిలించాను.

"అయితే ఆ పుప్పొడి నేనే తెచ్చాను," అన్నాను.

"నువ్వే. గింజలిచ్చిన పాపం నాది."

ఆ సాయంత్రం నివేదికలో నా పేరే రాసిచ్చాను. వరస మొత్తం తగలబెట్టారు. చల్లటి గదిలో దాచిన రెండేళ్ల కిందటి గింజలతో మళ్లీ మొదలుపెట్టాం. క్షమించమని అడిగితే క్లైవ్ "సర్లే అమ్మాయ్" అన్నాడు. మర్నాడే మేనేజర్‌ని అడిగి వేరే గ్రీన్‌హౌస్‌కి మారిపోయాడు.