తలుపు వెనక గొంతు

నేను ఒక టేప్ రికార్డర్ని. ఆరిపాక విశ్వపతి గారి నవల లేని ఇల్లు కాకినాడలో లేని రోజుల్లో ఆయన నన్ను కొన్నారు. చూపు మందగించి రాయలేకపోతున్నారు కనుక తన ఆత్మకథను నాకు చెప్పుకున్నారు. మాట్లాడేది గొప్పవాళ్ళా కాదా అని నేను చూడను. వినబడిందల్లా పట్టుకుంటాను.

ఆయన ముందు గదిలో కూర్చుని చెప్పేవారు. భార్య కనకవల్లి గారు వంటింటి తలుపు వెనక చిక్కుడుకాయలు వలుస్తూ వినేవారు. భర్త తప్పు చెబితే అక్కణ్ణించే దిద్దేవారు.

"ఆ కరువులో కూడా మేం పస్తులెరగం," అనేవారు ఈయన.

"మీరెరగరండి. నేనెరుగుదును."

ఈయన గొంతు సవరించుకుని ముందుకు సాగిపోయేవారు.

చివరికి కేసెట్లన్నిటితో పాటు నన్నూ సంపాదకుడు చిదానందం గారికి అప్పగించి, "మా ఆవిడ పోయాకే అచ్చు వెయ్యండి," అని మాట తీసుకున్నారు. భార్య అంటే ఎంత గౌరవమో అని లోకం మురిసిపోయింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. అది గౌరవం కాదు, భయం.

ఆయన పోయారు. చాలా ఏళ్ళకు ఆవిడా పోయారు. చిదానందం గారు నన్ను దుమ్ము దులిపి, వింటూ రాసుకోవడం మొదలుపెట్టారు. వేరే మనిషి లేని గదిలో చనిపోయిన ఇద్దరు వాదించుకుంటుంటే ఆయన లేచి దీపం వేసుకునేవారు. నాకూ భయంగానే ఉండేది.

కూతురు మైథిలి వచ్చి అడిగింది. "అమ్మ మాటలు కూడా వేస్తారాండీ? అమ్మవి ఇంకెక్కడా లేవు."

"ఆత్మకథ ఒకరిదే కదమ్మా," అని ఆయన ఆవిడ మాటలన్నీ కొట్టేశారు. పెద్దకొడుకు చావు దగ్గర విశ్వపతి గారి గొంతు పూడుకుపోతే, వినలేక అక్కడే ఆపేసి, తరవాతి కేసెట్ పెట్టుకున్నారు.

ఆవిష్కరణ సభలో దండలు, శాలువాలు, పొగడ్తలు అన్నీ అయ్యాయి. మహానుభావుడి గొంతు ఒక్కసారి విందామంటూ చిదానందం గారు నన్ను వేదిక మీద పెట్టి, పెద్దకొడుకు చావు గురించి చెప్పిన ఆ కేసెట్టే వేశారు.

"బిడ్డ నా ఒళ్ళోనే కన్నుమూశాడు," అన్నారు విశ్వపతి గారు. ఆ పైన మాట రాలేదు. సభంతా కళ్ళు ఒత్తుకుంది. చిదానందం గారూ కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నన్ను ఆపడం మరిచిపోయారు.

"మీరెక్కడున్నారండీ?" అంది తలుపు వెనక గొంతు, నెమ్మదిగా. "పిఠాపురంలో సన్మానానికెళ్ళారు. కబురు పెడితే, దండ వేయించుకుని వస్తానన్నారు. వాడు నాన్నేడీ, నాన్నేడీ అని..."

చిదానందం గారు ఉలిక్కిపడి మీట వైపు చెయ్యి చాచారు. ముందు వరసలో మైథిలి లేచి నిలబడింది.

"ఆపకండి మాస్టారూ. మా అమ్మ చెప్పడం ఇంకా అవలేదు."