పేరమ్మకు నేనే చెప్పాలట

“పేరమ్మను మాన్పించాలి. నువ్వే చెప్పు,” అన్నారు మా ఆయన, మజ్జిగ పోయించుకుంటూ. ఆడమనిషికి ఆడమనిషి చెబితేనే బాగుంటుందట. అంతకుముందు మిల్లులో మాన్పించిన ముత్యాలయ్య మగవాడే కదా, మరి అతనికీ నేనే చెప్పాను. నాయుడుపేటకు కరెంటు వచ్చిన కొత్తలో మేము రైసుమిల్లు పెట్టినప్పటి నుంచీ ఇదే వరస. రమ్మనే తీపి మాట ఆయనది, పొమ్మనే చేదు మాట నాది. అందుకే ఊళ్లో ఆయన ధర్మప్రభువు, నేను గయ్యాళిని. వంటావార్పూ చాలవన్నట్టు ఈ ఉద్యోగం కూడా నా నెత్తికెప్పుడు చుట్టుకుందో నాకే గుర్తులేదు.

పేరమ్మ మా కళ్ళంలో వడ్లు ఆరబెట్టించే పెద్ద. ఉడికించిన వడ్లు ఆరాయో లేదో గింజ కొరికి చెబుతుంది. ఆమె ఊఁ అంటేనే వడ్లు మరలోకి పోతాయి. ఆరుదల కుదరకపోతే గింజ మరలో విరిగిపోతుంది. ఈ ఏడు మాత్రం ఏ బస్తా విప్పినా నూకలే. కారణం నాకు తెలుసు. ఆమె దవడ పళ్ళు ఊడిపోయాయి. ఆ సంగతి దాచిపెట్టి, గింజ నోట్లో వేసుకుని, ఏదో ఊహించి చెబుతోంది.

మిల్లు రిపేరని ఏదో ఒకటి చెప్పి పంపెయ్యమన్నారు ఆయన. రేపు ఆ చోట్లో ఇంకో మనిషిని చూస్తే ఆ ముసలిప్రాణం ఎంత కుములుతుంది? నాకు ఒళ్ళు మండింది. అంట్లు తోమేసి, ఎవరూ లేని వేళ చూసి, ఆమెను పెరటి వసారాలోకి పిలిపించాను. నేల మీద చతికిలబడింది. నేనూ ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. నిజమే చెప్పాను.

“పేరమ్మా, పళ్ళు పోయినాక గింజ నీకు తెలవడంలా. రేపట్నించి కళ్ళం పని వద్దు. కోతలదాకా నీ కూలి నీ ఇంటికే వస్తాది. మా బియ్యానికి పేరొచ్చింది నీవల్లే. ఆ మాట రేపు అందరి ముందరా నేనే చెప్తా.”

ఏడుస్తుందనుకున్నాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఎప్పుడు చెప్తారా అని చూస్తా ఉండానమ్మా. బస్తా విప్పినప్పుడల్లా గుండె దడే. మానేస్తానని నా నోటితో చెప్పలేకపోయినా. ఈ పొద్దు కంటినిండా నిద్రపోతా.”

చెంగు తీసేసి బోసి చిగుళ్ళు చూపించింది. నాకూ నవ్వు ఆగలేదు. ఇద్దరం కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం. గయ్యాళి ఇంట్లో ఈ నవ్వులేమిటా అని పక్కింటి వెంకటశేషమ్మ గోడ మీదుగా తొంగి చూసింది కూడా.

పోతూ పోతూ పేరమ్మ గడప దగ్గర ఆగింది.

“అయ్య చెప్పాల్సిన మాట మీరు చెప్పినారు. నన్ను మాన్పించినారు, బాగుండాది. మిమ్మల్ని ఈ పని ఎవురు మాన్పిస్తారమ్మా?”

ఆ మాట సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. విచిత్రం, బాధగా లేదు. ఒంట్లో ఏదో తేలికైనట్టుంది. కూనిరాగం తీస్తూనే కాఫీ కలిపాను.

ఆయన మిల్లు నుంచి వచ్చి, బాగా ఏడ్చిందా అని అడిగారు. నవ్విందన్నాను. నమ్మలేదు. పోనీలే, ఆ చోట్లో ఎవరిని పెట్టాలో తాను చూస్తానన్నారు.

“మీరు చూడొద్దు,” అన్నాను, గ్లాసు చేతికిస్తూ. “రేపు కళ్ళానికి నేనొస్తా, మనిషిని నేను పెట్టుకుంటా. ఇకమీదట పొమ్మని చెప్పే పని మీది.”