పాత కార్డు నంబరు

మా గూళ్ళ మార్కెట్లో వేలమంతా కంప్యూటర్లోనే. చింతామణి చుట్టుపక్కల రైతులు పట్టుగూళ్ళు తెస్తారు, కొనేవాళ్ళు సరుకు చూసుకుని ఫోన్లలో ధర పాడతారు. సర్వర్‌కు కాపలా నేను, హేమావతిని. కాపలా అనడం కూడా ఎక్కువే, తాళాలన్నీ బెంగళూరు కంపెనీ దగ్గరే ఉన్నాయి.

పోయిన వారం పిడుగు పడి సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు కాలిపోయింది. కంపెనీవాళ్ళు వచ్చి కొత్తది బిగించి, టీ తాగి వెళ్ళారు. అసలు సంగతి మరిచారు. ఆ సర్వర్ ఆన్ అయిన ప్రతిసారీ వాళ్ళు పెట్టిన చిన్న డిస్కు చదివి, నెట్‌వర్క్ ఫైలును మొదటినుంచీ తానే రాసుకుంటుంది. డిస్కులో ఉన్నది కాలిపోయిన కార్డు నంబరు. లేని కార్డు కోసం వెతుక్కుంటూ, ఉన్న కార్డును పట్టించుకోదు. ఫైల్లో కొత్త నంబరు నేను రాస్తే పనిచేస్తుంది, కరెంటు పోయేదాకా. ఇక్కడ మార్చినవి నిలవవని ఆ ఫైలు మొదట్లోనే సిగ్గు లేకుండా రాసి ఉంటుంది. డిస్కు ముట్టుకునే అధికారం నాకు లేదు. ఫోన్ చేస్తే కంప్యూటర్లో ఫిర్యాదు టికెట్ పెట్టమంటారు. పెడుతూనే ఉన్నాను. చచ్చిన యూపీఎస్ బ్యాటరీలకూ ఒకటి పెట్టాను.

నిన్న వేలం సాగక కెంచార్లహళ్ళి రైతు పుట్టమ్మ గూళ్ళు ఇక్కడే ఉండిపోయాయి. ఇవాళ అమ్ముడుపోకపోతే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుంటుంది. చిల్లిపడిన గూటి నుంచి దారం రాదు. ఆమె నెల రోజుల కష్టం అది.

పొద్దున్నే నంబరు రాశాను. వేలం మొదలైంది. సరిగ్గా పుట్టమ్మ లాటు, అంటే ఆమె గూళ్ళ వంతు, వచ్చేసరికి కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ పాత నంబరే. రాశాను, మళ్ళీ పోయింది. చేతి వేలం పెట్టమని మేనేజర్ గంగాధరప్పను బతిమాలాను. కంప్యూటర్ బిల్లు లేనిదే సరుకు గేటు దాటకూడదన్నాడు. కొనేవాళ్ళు విసుక్కుని శిడ్లఘట్ట మార్కెట్‌కు వెళ్ళిపోయారు.

పుట్టమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమన్నా చెయ్యమ్మా. నా చేతిలో ఇంగేముండాది?"

నా చేతిలోనూ ఏమీ లేదు. కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఎవరి మీద కోప్పడాలో తెలియక మళ్ళీ ఫైలు తెరిచి నంబరు రాశాను.

ఈసారి కరెంటు పోలేదు. సర్వర్ నెట్‌వర్క్‌కు చక్కగా కలిసింది. స్క్రీన్ మీద పుట్టమ్మ లాటు వచ్చింది, పక్కన ధర గడి ఖాళీగా ఉంది. పాడేవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె బుట్టలోంచి ఒక గూడు తీసి నా చేతిలో పెట్టింది. ఒక కొన తడిగా, మెత్తగా ఉంది. పురుగు లోపలినుంచి దారి చేసుకుంటోంది.

"ఇప్పుడు మిషన్ బాగుండాదా అమ్మా?" అని అడిగింది.

బాగుందన్నాను.