అరంగుళం చొప్పున పెరిగిన కాలు

ఏమే కోడలుపిల్లా, హాస్టల్ నుంచి వచ్చి ఇంకా భుజం మీద సంచి దించలేదు, అప్పుడే నా ప్యాంటు అంచు చూసి ఆ ఇకిలింపేమిటి? పళ్లన్నీ లెక్కపెట్టేశాను, ఒకటి తక్కువుంది. దారిలో పారేసుకున్నట్టున్నావు. ఇలా వచ్చి స్టూలు మీద కూర్చో, మిషన్‌కి దగ్గరగా. ఆ బూడిదరంగు స్కార్ఫేమిటే, మగవాళ్ల సరుకులా ఉంది? సర్లే, దాని కొస ఇటు బల్ల మీద పడెయ్, నేల మీద ఊడ్చకుండా. నేను ఈ దిండు గలీబు కుడుతూ చెప్తాను, నువ్వు నోటికి తాళం వేసుకుని విను.

ప్యాంటు కాళ్ల కింద ఏడంగుళాల మడత ఎందుకుందనే కదా నీ సందేహం. అదంతా మా బావ, అదే మీ నాన్న ఘనకార్యం. కాదు, నాది. మొత్తం విని నువ్వే తేల్చు.

నాకు ఎమ్మెస్ అనే నరాల జబ్బుందని నీకు తెలుసు. పైనుంచి మెదడు పంపే కబురు సరిగ్గా అందక నా కాళ్లు కొన్నాళ్లుగా సొంత పెత్తనం మొదలెట్టాయి. పొద్దున్నే లేచేసరికి రెండూ ఇస్త్రీ బల్లల్లా బిగుసుకుని ఉంటాయి. ఒక్కోరోజు మోకాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని, పాదాలు ఒకదాని మీదొకటి పడి, అచ్చం మూసిన కత్తెర. డాక్టరిచ్చిన మాత్ర వేసుకుంటే బిగువు తగ్గుతుంది. కాస్త ఎక్కువైతే కాళ్లు తడిసిన గుడ్డలా జారిపోతాయి. అందుకని ఆయన ఒక లెక్క చెప్పాడు, ఆ లెక్కలోనే ఉన్నాను.

నువ్వు హాస్టల్‌కి వెళ్లిన రెండో వారం. బ్యాంకులో పనిచేసే ఒకాయన ప్యాంటు కోసం వచ్చి మన కొట్లో కూర్చున్నాడు. లోపలి కుట్టు ఒక్కటే మిగిలింది, రెండు నిమిషాలండీ అన్నాను. తొక్కుడు పలక మీద పాదం ముందు భాగం ఆనిందో లేదో, మడమ టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. నేను తొక్కట్లేదు, కాలే తొక్కుతోంది. చక్రం గిర్రున తిరుగుతోంది, సూది పరుగెడుతోంది, ఆయన ప్యాంటు దాని కింద నుంచి పారిపోతోంది.

"చాలు మాస్టారూ, ఆపండి," అన్నాడాయన.

"నేనెప్పుడో ఆపేశానండీ. ఇక మీరే దానికి చెప్పాలి," అని నా కాలు చూపించాను.

అది ఆగేసరికి ప్యాంటు రెండు కాళ్లూ ఒకదానికొకటి కుట్టుకుపోయాయి. వాటితోపాటు నా చొక్కా చేతి అంచు కూడా. పైన తాడు కడితే సంచీగా పనికొస్తుందండీ అన్నాను. ఆయన నవ్వలేదు. మీ అమ్మ అసలే నవ్వలేదు. ఆయన వెళ్లేదాకా ఆగి నా ముందుకొచ్చి నిలబడింది.

"ఒరేయ్, ఆ సూది నీ వేల్లో దిగుంటే?"

"దిగలేదుగా అక్కా."

"దిగేదాకా చూస్తూ కూర్చోమంటావా? కాళ్ల టీచరమ్మ దగ్గరికి పద. ఆవిడ చెప్పినవన్నీ చెయ్యి. ఆరు వారాల తర్వాత నువ్వు మిషన్ మీద కూర్చోవచ్చని ఆవిడ నోటితో అంటే మిషన్ నీది. అనకపోతే గుండీలు."

గుండీలంటే నీకేం తెలుసు. ఇరవై ఏడేళ్లు మిషన్ తొక్కినవాణ్ని మూల కూర్చోబెట్టి, చేత్తో గుండీలు కుట్టుకోమనడమంటే, బస్సు డ్రైవరుని సీట్లోంచి దింపి హారన్ మాత్రం నువ్వు కొట్టుకో నాయనా అనడం. ఆ మాటకి నాకు తిండి సహించలేదు. రెండుసార్లే పెట్టించుకున్నాను.

కాళ్ల టీచరమ్మంటే ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేయించే ఆవిడ. మంచిదే, కానీ నవ్వించడం కష్టం. కాళ్లు సాగదీసే బొమ్మలున్న కాగితం ఒకటి నా చేతికిచ్చి, "రోజూ పొద్దునా సాయంత్రం చెయ్యాలి మాస్టారూ. మెల్లగా, కుదపకుండా, ఒక్కోటి ముప్ఫై లెక్కపెట్టేదాకా. బిగుతు ప్యాంట్లు మానెయ్యండి, అవి కూడా కాలుని రెచ్చగొడతాయి," అంది.

ఆ బొమ్మలు నేను చూస్తే ఒట్టు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మిషన్ కాలి కింద దూర్చాను. మిషన్ ఊగడం ఆగింది. ఆవిడ వైద్యం బాగానే పనిచేసిందనుకున్నాను.

మరి మీ అమ్మ ఊరుకుంటుందా? అందుకని రెండు పూటలా లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుని, మంచం మీద హాయిగా పడుకుని, బయటికి వినబడేలా ఒకటి, రెండు, మూడు అని ముప్ఫై దాకా లెక్కపెట్టేవాణ్ని. పదిహేను దగ్గర ఒక మూలుగు. ఇరవై అయిదు దగ్గర ఇంకోటి, కాస్త పెద్దది. తలుపు తీసి చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చేవాణ్ని. ఆ చెమట కుండలో నీళ్లు.

మూడో రోజు మీ నాన్న మెడలో పాత పచ్చ టేపు వేసుకుని వచ్చాడు.

"బామ్మర్దీ, నీకు బిగుతు ప్యాంట్లు వద్దన్నారట కదా. వదులుగా ఒకటి కుడతా. రా, కొలతలియ్యి."

"నా కొలతలు నీకు తెలియవా బావా? ముప్ఫై ఏళ్లుగా నా బట్టలు కోస్తున్నావు."

"అవి నిలబడ్డ కొలతలు. నీ కాలు బిగుస్తుంది కాబట్టి నడక కొలత, కూర్చున్న కొలత కావాలి. కటింగు గురించి నాకు చెప్పకు."

నడక కొలతంటే ఏమిటనుకున్నావు? గోడకి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ గోడకి ఆన్చి, ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి. వెనక కాలి మడమ నేల మీంచి లేవకూడదు. కూర్చున్న కొలతంటే కటింగు బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పాదం కింద నుంచి నడుం పట్టీ ఒకటి వేసి, రెండు కొసలూ పట్టుకుని నా వైపుకి లాగి ఉంచడం. నేను లాగి పట్టుకుంటే ఆయన టేపు పెట్టి, అంకె చూసి, రాసుకోవడానికి పెన్సిలు కోసం వెతికేవాడు. బల్ల కింద, సొరుగులో, జేబుల్లో. పెన్సిలు ఆయన చెవి మీదే ఉంది. నేను చెప్తానా? పిక్కలు పీకుతున్నా సరే, పట్టీ లాగి పట్టుకుని లోపల్లోపల నవ్వుకుంటూ కూర్చున్నాను.

మధ్యలో ఒక్కోసారి కాలు టకటకలాడేది. "కొలత చెడిపోతుంది, కదలకు. మడమ కిందికి పెట్టి మోకాలి మీద చెయ్యి ఆన్చు. అదే ఆగుతుంది," అనేవాడు. ఆగేది.

ఇంత అమాయకుడు దొరికాక నా చేతులూరుకుంటాయా? ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆ పచ్చ టేపు మొదట్లో అరంగుళం కత్తిరించి, కొసనుండే రేకు మళ్లీ బిగించేశాను. గిరాకీల బట్టలకి వాడే టేపు జోలికి వెళ్లలేదులే, అంత దుర్మార్గుణ్ని కాను. సాయంత్రం మీ నాన్న మళ్లీ కొలిచాడు. పొద్దున ముప్ఫై ఉన్న కాలు ముప్ఫైన్నర అయింది.

"ఇదేంట్రా, పొద్దుటికీ సాయంత్రానికీ పెరిగావు?"

"వయసులో ఉన్నాను కదా బావా."

"ఎక్కడో తేడా కొడుతోంది. రేపు మళ్లీ చూద్దాం."

ఇక చూసుకో నా వైభోగం. మూడు రోజులకోసారి అరంగుళం. రెండు పూటలా కొలతలు. మీ నాన్న తల గోక్కోవడం, పెన్సిలు వెతకడం, మళ్లీ గోడ దగ్గర నిలబెట్టడం. ఒక్క పూట ఆయన మర్చిపోతే నేనే వెళ్లి, "బావా, ఇవాళ ఎంత పెరిగానో చూడవా?" అని అడిగేవాణ్ని. ముప్ఫై మూడు దాటాక, ఇలాగైతే గుమ్మం ఎత్తు పెంచాలిరా అన్నాడు. నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తాను. గదిలోకి వెళ్లాక గుర్తొచ్చింది, పరిగెత్తి చాలా కాలమైందని. మాత్రలు బాగా పనిచేస్తున్నాయనుకున్నాను.

ఆరు వారాలయ్యాయి. కాళ్ల టీచరమ్మ దగ్గరికి నన్ను మీ అమ్మ తీసుకెళ్లింది. నాకు లోపల గుండీలే కనబడుతున్నాయి. ఒక్కరోజు కూడా సాగదీసిన పాపాన పోలేదు కదా. ఆవిడ నా పాదం పట్టుకుని చటుక్కున పైకి నొక్కింది. ఇదివరకు అలా నొక్కితే ఆగకుండా కొట్టుకున్న కాలు, ఈసారి రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంది. ఇంకోసారి నొక్కింది. అంతే.

"రోజూ చేశారన్నమాట," అంది.

"ఒక్క పూట కూడా మానలేదండీ," అన్నాను, కళ్లార్పకుండా.

"బొమ్మల్లో మీకేది కష్టమనిపించింది?"

ఈసారి నిజంగానే చెమట పట్టింది. ఆవిడ అలాంటి కాగితమే ఇంకోటి నా ముందు పెట్టింది. మొదటి బొమ్మలో ఒకాయన గోడకి చేతులాన్చి, ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఈయన కూడా ప్యాంటు కుట్టించుకుంటున్నాడాండీ?" అని అడిగాను.

రెండో బొమ్మలో ఆయనే కాళ్లు చాపుకుని కూర్చుని, పాదం కింద పట్టీ వేసి లాగుతున్నాడు. పక్కన చెవి మీద పెన్సిలున్న బావ ఒక్కడే తక్కువ. నేను తలెత్తేసరికి మీ అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది, భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వదనుకున్న టీచరమ్మ కూడా ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఫైలు దించి, "ఇది పోయే జబ్బు కాదు మాస్టారూ, మానేస్తే మళ్లీ బిగుస్తుంది. మిషన్ మీద కూర్చోండి. కానీ అరగంటకోసారి లేవండి," అంది. ఆ మాట వినగానే ఎందుకో కళ్లల్లో నలక పడింది. రెండు కళ్లల్లోనూ.

ఇంటికొచ్చేసరికి మీ నాన్న ప్యాంటు మడత పెట్టి పట్టుకుని నిలబడ్డాడు. వేసుకుంటే పాదాలు కనబడలేదు. కాలు పొడుగు ముప్ఫై ఏడు.

"కొలతలు నీవే బామ్మర్దీ, నాదేం లేదు."

జేబులో చెయ్యి పెడితే పద్నాలుగు పచ్చ టేపు ముక్కలు.

"మొదటిది ఆ సాయంత్రమే చెత్తబుట్టలో దొరికింది," అన్నాడు. "నువ్వు కత్తిరించినన్నాళ్లూ కొలతలకి నువ్వే పరిగెత్తుకొచ్చావు. నేనెందుకు ఆపుతాను?"

నా మిషన్ మీద నేను కుట్టుకున్న మొదటి పని ఈ మడతే. అడుగున కోసేయొచ్చు. కోయబుద్ధి కాలేదు, ఏడంగుళాలు కష్టపడి పెంచుకున్న కాలు మరి. మీ నాన్న ఇప్పటికీ రెండు పూటలా కొలుస్తున్నాడు. రెండో ప్యాంటుకట. నేనూ ఇస్తున్నాను. పెన్సిలు ఎక్కడుందో ఇప్పటికీ చెప్పట్లేదు.

అదీ కథ. కానీ అమ్మడూ, మీ నాన్న బుర్రలో ఇంత ఉపాయం పుట్టడమేమిటని నాకు మొదటి నుంచీ అనుమానం. నిన్న మీ అమ్మ నోరు జారింది. మిషన్ కాలి కింద కాగితం చూసి తను ఫోను చేస్తే, ఇదంతా నేర్పింది నువ్వేనట. ఏమిటి, లేస్తున్నావా? మెల్లగా లే. గలీబు కుట్టడం అయిపోయింది, నీ స్కార్ఫు కొస కూడా అందులోనే ఉంది. నాలుగు వరసలు వేశాను. కాలు ఒక్కసారి తడబడితే ఒట్టు.

మళ్లీ ఆ నవ్వెందుకే? ఏమిటీ? ఈ స్కార్ఫు నీది కాదా? చలికి నా మోకాళ్లు బిగుస్తాయని, చుట్టుకోవడానికి నాకోసం కొన్నావా? సంచిలో నలుగుతుందని మెడలో వేసుకొచ్చావా?

నవ్వింది చాల్లే. ఆ చిన్న కత్తెర ఇలా అందించు, కుట్లు విప్పాలి.